సగం దించిన షట్టర్

మా నాయనకు శకునాల పట్టింపు ఎక్కువ. బయలుదేరేటప్పుడు ఒంటి తుమ్ము వినబడితే మళ్లీ లోపలికొచ్చి, కూర్చుని, నీళ్లు తాగితే గానీ కదలడు. రాహుకాలంలో సరుకు దింపనివ్వడు. అలాంటి మనిషికి బద్వేలు బజారులో మా చిల్లర అంగడి తెరవగానే రోజూ మొదట ఎదురొచ్చేది పిల్లి.

ఎలుకలు వేరుశనగ మూటలు కొరుకుతున్నాయని దాన్ని తెచ్చింది ఆయనే. రాత్రంతా అంగట్లోనే ఉండేది. పొద్దున్నే నాయన తాళం తీసి, షట్టర్ జానెడెత్తు లేపి ఆగేవాడు. అది ఆ సందులోంచి ఒళ్లు విరుచుకుంటూ బయటికొచ్చి, ఆయన కాళ్లకు రెండుసార్లు రాసుకుని తన దారిన పోయేది. అప్పుడు గానీ షట్టర్ పూర్తిగా లేచేది కాదు. ఎదురుగా ఉండే బట్టల అంగడాయన రోజూ ఎగతాళి చేసేవాడు: "ఏమప్పా, ఈపొద్దు శకునమెట్లుండాది?" నాయన నవ్వి ఊరుకునేవాడు. మాతో రెండు ముక్కలకు మించి మాట్లాడని మనిషి, మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు మూటల మీద పడుకున్న పిల్లికి వాన సంగతులన్నీ చెప్పుకునేవాడు. నాకు కాస్త కుళ్లుగా కూడా ఉండేది.

పదేళ్లకు పైగా బతికింది. రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయ్యుంటుంది, నేను డిగ్రీ చదువుతున్నాను. అది ఉన్నట్టుండి తిండి మానేసింది. పశువుల డాక్టరు చూసి, వయసైపోయిందన్నాడు. నాలుగో రోజు పొద్దున నాయన షట్టర్ జానెడు లేపి చాలాసేపు నిలబడ్డాడట. అది లోపల తన గోనెసంచి మీద ముడుచుకుని నిద్రలోనే పోయింది.

ఇంటికొచ్చి నన్ను తీసుకెళ్లి అంగట్లో కూర్చోబెట్టాడు. పిల్లిని ఆ గోనెసంచిలోనే చుట్టి, ఊరి బయట మా చేనిలో పూడ్చడానికి సైకిలెక్కాడు. వెళ్లేముందు షట్టర్ సగానికి దించాడు. మా బజారులో ఇంటి మనిషి పోతే అంగడి మూస్తారు, బంధువులు పోతే సగం దించుతారు. పిల్లి కోసం షట్టర్ దించినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు.

అరగంట కాకముందే బట్టల అంగడాయన వంగి లోపలికొచ్చాడు. "ఎవరు పోయినారు పాపా?" అన్నాడు మెల్లగా.

పిల్లి అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నాయన్ను చూసి బజారంతా నవ్వుతుందని భయం. ఉన్నమాట చెప్పాలంటే, నన్ను చూసి నవ్వుతారని. మా జేజి చెల్లెలు పోయిందనేశాను. నాయన వాళ్లమ్మకు అసలు చెల్లెళ్లే లేరు. లేని ముసలామెను పుట్టించి మరీ చంపేశాను. ఆయన మూట మీద కూర్చుని వివరాలడిగాడు. జబ్బేమిటన్నాడు. తిండి మానేసిందన్నాను. ఎక్కువ బాధపడిందా అన్నాడు. లేదు, నిద్రలోనే పోయిందన్నాను. ఆ మాట అంటుండగానే ఏడుపు తన్నుకొచ్చింది. పొద్దుటి నుంచి రాని ఏడుపు. మూటల మీద ఖాళీగా ఉన్న చోటు చూస్తూ వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన కంగారుపడి సోడా తెప్పించాడు. ఆ సందడికి ఇంకో ఇద్దరు అంగళ్లవాళ్లు వచ్చి చేరారు.

అప్పుడే నాయన తిరిగొచ్చాడు. చేతులకింకా మట్టి ఉంది. బట్టల అంగడాయన ఆ చేతులు పట్టుకుని, చిన్నమ్మ పోయిందంట గదా అని ఓదార్చబోయాడు. నాయన నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. అవునని అనేసి ఉంటే సరిపోయేది, ఎవరికీ తెలిసేది కాదు.

"చిన్నమ్మ కాదప్పా. మా పిల్లి పోయింది," అన్నాడు. "పాప సిగ్గుపడి అట్ల చెప్పినట్టుండాది. నాకేం సిగ్గు లేదు."

ఎవరూ నవ్వలేదు. బట్టల అంగడాయన, "యాడ పూడ్చినావు?" అనడిగాడు. చేనిలో, గట్టు పక్కన అన్నాడు నాయన. నక్కలు తవ్వకుండా పైన రాళ్లు పెట్టావా అని ఇంకొకాయన అడిగాడు. పెట్టానన్నాడు. నన్ను మాత్రం నాయన ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది. ఆ అబద్ధం గుర్తొస్తే నాకిప్పటికీ సిగ్గే.

మర్నాడు నాయన వెంట నేనూ వెళ్లాను. ఆయన తాళం తీసి, షట్టర్ జానెడెత్తు లేపి, అలవాటు కొద్దీ ఆగిపోయాడు. వంగి ఆ సందులోకే చూస్తున్నాడు. తన అంగడి ముందు నీళ్లు చల్లుకుంటున్న బట్టల అంగడాయన రోజూ అడిగే మాట అడగలేదు. చెంబు పక్కన పెట్టి, రోడ్డు దాటి వచ్చి, షట్టర్ రెండో పక్క పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి పైకెత్తారు.

ఆ పూట మొదట వచ్చినామె సంచీ ఇంకా తెరవకుండానే, నిన్న సగం దించినారే, ఎవరు పోయినారని అడిగింది. నాయన నోరు తెరిచేలోపే నేను చెప్పాను, మా పిల్లి పోయిందని.