ఎర్రనల్లిని గుర్తుపట్టడానికి చందూర్ వెళ్లిన రోజు

పోయిన వేసవిలో మా అక్క వేసిన బెండతోట మూడు వారాల్లో ఎండిపోయింది. ముందు ఆకుల మీద తెల్లటి చుక్కలు వచ్చాయి, తర్వాత ఆకులు కంచు రంగుకు తిరిగి రాలాయి. దుకాణంలో ఇచ్చిన పురుగుమందు మూడుసార్లు కొట్టినా తగ్గలేదు, ఇంకా పెరిగింది. అది పురుగు కాదని, ఎర్రనల్లి అని, ఎనిమిది కాళ్లతో సాలీడుకు చుట్టమని తర్వాత ఒక పుస్తకంలో చదివాను. మామూలు పురుగుమందు నల్లిని తినే మేలు పురుగులను చంపి నల్లిని వదిలేస్తుందట. అక్క పదిహేనో ఏట నుంచి బీడీలు చుట్టింది. దగ్గు తగ్గకపోవడంతో పొగాకు దుమ్ముకు దూరంగా ఉండమని డాక్టర్ చెప్పాడు. బోధన్ పక్కన, ఒకప్పుడు చెరకు ఉన్న ఇరవై గుంటల్లో ఈసారి వంకాయ పెట్టింది. ఇదీ పోతే మళ్లీ బీడీల చాట ఒళ్లో పెట్టుకోవాల్సిందే. పుస్తకంలో నేను బొమ్మనే చూశాను, నల్లిని చూడలేదు. అది ముదరక ముందే గుర్తుపట్టడం నేర్చుకోవాలని బయలుదేరాను.

నిజామాబాద్ బస్టాండులో ఉదయం ఆరున్నరకు వర్ని బస్సు దొరికింది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. గంటన్నర ప్రయాణం. వర్నిలో దిగి చందూర్‌కు షేర్ ఆటో ఎక్కాను, ముప్పై రూపాయలు. నా చేతిలోని భూతద్దం చూసి డ్రైవర్ నేను అగ్రికల్చర్ మేడమ్‌నా అని అడిగాడు. కాదని, నల్లిని చూడడానికి వచ్చానని చెప్పాను. "గింత దూరం ఎందుకక్కా, మా ఇంట్ల మంచంల బొచ్చెడున్నయ్" అన్నాడు. ఆటోలో అందరూ నవ్వారు. నేను రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను.

నేను వెళ్లింది నర్సవ్వ దగ్గరికి, మా లైబ్రరీలో పనిచేసే ఆమెకు మేనత్త. అరవై దాటిన మనిషి. ఊరి చివర ఆమె వంకాయ చేను నల్లి పట్టి అప్పటికే పోయింది. మొక్కలు నిలబడే ఉన్నాయి కానీ ఆకులకు దుమ్ము పట్టినట్టు, వాటి అడుగున సన్నటి బూజు అల్లినట్టు ఉంది. ఇంకా ఎందుకు పీకలేదని అడిగాను. "బతికిన పంటల ఏం నేర్సుకుంటవ్ బిడ్డా? పోయినదాంట్లనే నేర్సుకోవాలె" అంది. ఆకు అడుగు భాగాన్ని తెల్ల కాగితం మీద తట్టి, ఊపిరి బిగబట్టి చూడమంది. నేను మొదటి రెండుసార్లు మట్టి రేణువులను చూపించాను. "దుమ్ము నడవది. నల్లి నడుస్తది. నువ్వు గాబరా పడకు, అదే కదులుతది" అంది. మూడోసారి ఒక చుక్క కదిలింది. భూతద్దం పెడితే ఎర్రటి ఒళ్లు, రెండు పక్కలా నల్లటి మచ్చలు. వేలితో రుద్దితే కాగితం మీద ఎర్రటి గీత పడింది. ఆ తర్వాత రెండు గంటలు సాళ్ల మధ్య తిరిగాను. కొమ్మలు చున్నీకి తగులుతున్నా పట్టించుకోలేదు. చాలా రోజుల తర్వాత ఒక పని వచ్చినట్టు అనిపించింది.

మజ్జిగ తాగి లేచేసరికి ఆటో వచ్చింది. "ఇగ ఇంటికేనా?" అని అడిగింది నర్సవ్వ. అక్క చేనుకు పోతున్నానని చెబితే ఏ ఊరు, ఏం పంట, అక్కకు ఎందరు పిల్లలు అని ఇంకో నాలుగు మాటలు మాట్లాడాలి. నాకు చిన్నప్పటి నుంచీ ఒక్క మాటలో జవాబు చెప్పడం అలవాటు. కాన్వెంటులో దాన్ని మర్యాద అనేవారు. "అవునవ్వా" అన్నాను.

వర్ని నుంచి బోధన్ బస్సుకు ముప్పావు గంట ఆగాల్సి వచ్చింది. అక్క చేను చేరేసరికి పన్నెండున్నర. తోట పచ్చగా, పూత మీద ఉంది. కాలువ వైపు సాలులో మొదలుపెట్టి ప్రతి సాలులో పది మొక్కలు చూశాను. కాగితం మీద ఏదీ నడవలేదు. "ఏం లేదక్కా" అన్నాను. అక్క టిఫిన్ డబ్బా విప్పి తన వాటాలోని పెద్ద రొట్టె నాకు వేసింది. గట్టు మీద కూర్చుని తింటూ, ఊరికే, అలవాటైన చేత్తో భూతద్దాన్ని నా చున్నీ మీద పెట్టాను. ఒక ఎర్రటి చుక్క ఉంది. అది నడిచింది. దాని వెనుక ఇంకోటి. చున్నీ మడిచి సంచిలో పెట్టేశాను. రెండో మూడో కదా అనుకున్నాను. అక్కకు చెప్పలేదు. నాలుగు గంటల బస్సుకు నిజామాబాద్ వచ్చేశాను.

పద్దెనిమిది రోజులకు అక్క ఫోన్ చేసింది. కాలువ వైపు మొదటి రెండు సాళ్లలో ఆకులకు తెల్ల చుక్కలు. నేను మొదట అడుగుపెట్టిన సాళ్లు అవే. మర్నాడు వెళ్లి చున్నీ సంగతి చెప్పాను. అక్క చాలాసేపు ఆకును తిప్పి తిప్పి చూసింది. "దొంగను పట్టనీకె వచ్చి, దొంగనే ఎంటవెట్టుకొచ్చినవ్" అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. నర్సవ్వకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. "ఇంటికే అన్నవ్ గద బిడ్డా. ఇంకో శేనుకు పోతున్న అంటే, తానం జేసి బట్టలు మార్సి పొమ్మని సెప్తుంటి గద" అంది.

నల్లికి కొట్టే అసలు మందు కొట్టించాం. ఆకుల అడుగుకు తగిలేలా నీళ్లు చల్లాం. ఎండలు ముదిరాయి, గాలి పొడిగా ఉంది, అది సాలు తర్వాత సాలు దాటింది. సగం తోట పీకేశాం. పోయిన ఆదివారం వెళ్లినప్పుడు అక్క ఇంటి వెనుక బీడీలు చుట్టే తునికాకు కట్ట తడిపి ఉంది. లోపల నుంచి దగ్గు వినిపించింది. ఇప్పుడు నేను కాగితం కూడా లేకుండా, ఆకు రంగు చూసే నల్లిని గుర్తుపడతాను. ఆ చదువు ఎవరికి పనికొస్తుందో తెలియదు. మీరూ నేర్చుకోవాలని బయలుదేరితే ఒక్క మాట. ఒకే రోజు రెండు చేలు చూడాల్సి వస్తే బాగున్న చేనుకు ముందు వెళ్లండి, పోయిన చేనుకు తర్వాత. నిజామాబాద్ నుంచి బోధన్ మీదుగా చందూర్ వెళ్లొచ్చు, చందూర్ మీదుగా బోధన్ వెళ్లొచ్చు. ఎటు తిరిగినా పట్టే సమయం ఒకటే.