పిడికెడు తవుడుకు డోలోరెస్

బోధన్ చుట్టుపక్కల చెరుకు పల్లెల్లో పెంటవ్వ పేరు విని నవ్వనివాళ్లు తక్కువ. ఆమెకు ముందు పుట్టినవాళ్లెవరూ దక్కలేదట. అందుకని ఆమె పుట్టగానే చాటలో వేసి పెంటకుప్ప మీద పడుకోబెట్టారు. పక్కింటావిడ ఎత్తుకుంటే, తల్లి పిడికెడు తవుడు ఇచ్చి తన బిడ్డను తానే కొనుక్కుంది. పారేసిన బిడ్డ మీద చావు కన్ను పడదని నమ్మకం. పెంటవ్వ దక్కింది. చెరుకు నరికింది, చక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డాక బీడీలు చుట్టింది. పేరు అడిగిన ప్రతిచోటా గొంతు తగ్గించి చెప్పింది.

ఇప్పుడు మనవడి భార్య నిఖితకు రెండుసార్లు కడుపు పోయాక ఆడపిల్ల పుట్టింది. తొట్టెల వేసి పేరు పెట్టే రోజు పొద్దున్నే పెంటవ్వ కొంగున తవుడు ముడేసుకుంది. చాట కడిగి గోడకు ఆనించింది. నోరు విప్పడానికే జంకింది. ఈ కాలం పిల్ల, బిడ్డను కుప్ప మీద పెట్టనిస్తుందా? పెట్టకపోతే ఈ బిడ్డ కూడా... ఆపైన తలచుకోలేకపోయింది.

నిఖిత బిడ్డ పేరు ముందే అనుకుంది. నిజామాబాద్ ఆసుపత్రిలో కాన్పయ్యేదాకా తన చెయ్యి వదలని స్పెయిన్ దేశపు ముసలి సిస్టర్ పేరు అది. డోలోరెస్.

"బడిల హాజరు పిలిస్తే పంతులు నాలుక కర్సుకుంటడు," అని నిఖిత అత్త జ్యోతిరాణి మూతి విరిచింది. తొట్టెలకు వచ్చిన సిస్టర్‌నే అడిగింది. "ఇంతకు దాని అర్థమేంది సిస్టరమ్మ?"

"దుఃఖాలు," అంది సిస్టర్ మెల్లగా. "కొడుకు చావును కళ్లారా చూసిన మరియ తల్లి దుఃఖాలు. మా దగ్గర బొమ్మల్లో ఆమె గుండెలో ఏడు కత్తులుంటాయి. ఆ తల్లి పేరు మీద ఆడపిల్లలకు పెడతారు. మా అమ్మకు నాకంటే ముందు ఇద్దరు పోయారు. అందుకే నాకు పెట్టింది. ఇంట్లో మాత్రం లోలా అనేవాళ్లు."

నిఖిత ముఖం వాడిపోయింది. "నాకు తెల్వకపాయె అవ్వ. ఇంత ఏడ్చి కన్న బిడ్డకు దుఃఖమని పెట్టుకుంటనా? వద్దు."

పెంటవ్వ సిస్టర్ వంకే చూస్తోంది. సముద్రాల అవతల కూడా ఒక తల్లి ఇట్లాగే భయపడిందా?

"నీ పేరుకు ఎవరన్న నవ్విండ్రా బిడ్డ?" అని సిస్టర్‌ను అడిగింది.

"లేదమ్మా. మా ఊళ్లో ఎవరూ నవ్వరు."

పెంటవ్వ నిఖిత తల నిమిరింది. "గదే ఉండనీ. దుఃఖం పేరు మోస్తనే ఈమె ముసలిదైంది. పెంట పేరు మోస్తనే నేను ముసలిదాన్నైన. సిస్టరమ్మ, జర పిల్లనెత్తుకో."

సిస్టర్ ఎత్తుకుంది. పెంటవ్వ కొంగుముడి విప్పి, తవుడు ఆమె అరచేతిలో పోసి, బిడ్డను తన చేతుల్లోకి తీసుకుంది.

"ఇగ మేం కొనుక్కున్నం."

సిస్టర్ తవుడు మీద పిడికిలి మూసింది. గోడవారన చాట అట్లాగే ఉంది.

పేరు బిడ్డ చెవిలో చెప్పాలి. పెంటవ్వ మాత్రం అందరికీ వినబడేటట్టే పిలిచింది. నాలుక తిరగలేదు. మళ్లీ పిలిచింది.