అవ్వ నడిపిన ఉత్తుత్తి హోటల్

మా చిన్నప్పుడు ముడిమ్యాలలో మా ఇంట్లోనే ఒక హోటల్ నడిచేది... సర్వర్, వంటమనిషి, ఓనరు అన్నీ మా అవ్వే. కన్నతల్లిని మేం అవ్వ అనే పిలిచేవాళ్లం.

నేను, చెల్లె బయటి తిండి కోసం మారాం చేసినప్పుడల్లా అవ్వ భుజాన తువ్వాలు వేసుకుని, "ఏం గావాలె సార్?" అని వచ్చి నిలబడి, ఏమేం ఉన్నాయో, దేంట్లో ఏమేస్తారో ఊరిస్తూ చెప్పేది. పూరీ, దోశ, మైసూర్ బజ్జీ... నోటికొచ్చినవన్నీ ఆర్డర్ ఇచ్చేవాళ్లం. పొయ్యి దాకా వెళ్లొచ్చి, "అయిపోయినయ్ సార్. జొన్నరొట్టె, టమాట తొక్కు ఉన్నయ్" అనేది. నవ్వుకుంటూ అవే తినేవాళ్లం.

నాకు మాత్రం ఒక అనుమానం పట్టుకుంది. మైసూర్ బజ్జీలో కొబ్బరి ముక్కలు వేస్తారని, దోశ పక్కన రెండు చట్నీలు పెడతారని ఈమెకెలా తెలుసు? రోజూ కూరగాయల గంపతో అమ్మడానికి చేవెళ్ల పోతుంది కదా... అక్కడి హోటల్లో ఒక్కతే తిని వస్తోందేమో! రాగానే కొంగు వాసన చూసేవాణ్ని. కొత్తిమీర వాసనే వచ్చేది. అయినా నమ్మలేదు. మూతి కడుక్కుని వస్తుందనుకున్నాను.

ఒక సెలవు రోజు నేనూ వెంట వెళ్లాను. గంప ఖాళీ అయ్యాక, "ఈడనే కూసో, ఇప్పుడే వస్త" అని హోటల్ వైపు నడిచింది. దొరికింది దొంగ అనుకుని, వెనకే వెళ్లి గోడ చాటున నిలబడ్డాను.

అవ్వ లోపలికి పోలేదు. గుమ్మం దగ్గరే ఆగి, "ఇయ్యాల ఏమేం జేసిన్రు తమ్మీ?" అని సర్వర్‌ను అడిగింది. అతను గడగడా చెప్పాడు.

"ఊతప్పమంటే ఎట్లుంటది? దాంట్ల ఏమేస్తరు?"

"రోజు అడుగుడే గని, ఒక్కనాడు తినవేందక్కా?"

"మా పిల్లలకు చెప్పాలె" అని నవ్వి, అక్కడి కుండలో నీళ్లు తాగి వచ్చేసింది.

ఆ సాయంత్రం తువ్వాలు వేసుకుని, "ఇయ్యాల ఊతప్పం గూడ ఉన్నది సార్" అంది. నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది. రొట్టే కావాలన్నాను.

ఇప్పుడు మొయినాబాద్‌లో మా ఇంట్లోనూ అదే ఆట... నేను, నా కూతురు ఫోన్‌లో యాప్ తెరిచి బిర్యానీలు, కేకులు ఎంచుకుంటాం. డబ్బు కట్టే దాకా వెళ్లి, అన్నీ తీసేసి, నవ్వుకుని, ఇంట్లో వండింది తింటాం.

మొన్న బిడ్డ నన్నే చూస్తూ అడిగింది. "డాడీ, ఏ బిర్యానీల మసాలా ఎక్కువుంటదో నీకెట్ల తెలుసు? ఆఫీసుల నువ్వొక్కనివే తెప్పిచ్చుకుంటున్నవ్ గదా?"

ఫోన్ పక్కన పెట్టేశాను. ఏమీ తినని అవ్వను నేను అంతగా అనుమానించాను... నా బిడ్డ అనుమానం మాత్రం నిజమే.

ఆట నేర్చుకున్నాను గానీ, అవ్వలా ఆడటం నాకు చేతకాలేదు... మీ ఇళ్లలోనూ ఇలాంటి ఉత్తుత్తి హోటళ్లు ఉండే ఉంటాయి. ఎవరు నడిపేవారో చెప్పండి.