మవ్జూద కుట్టిన కుర్తాలు

మవ్జూద కుట్టిన కుర్తా లేని తల్లి మా ఊళ్లో లేదు. సరిగ్గా కుదిరిన కుర్తా కూడా లేదు.

ఆమె అసలు పని కాన్పులు చూడడం. పట్నంలో చదువుకుని, దేవుడి దయవల్ల జరఫ్‌షాన్ నది ఒడ్డున ఉన్న మా ఊరి ఆసుపత్రికే వచ్చింది. గర్భిణికి పొత్తికడుపు కింది ఎముక నుంచి గర్భసంచి పైఅంచు దాకా టేపుతో కొలిస్తే, సగం నెలలు దాటాక, ఎన్నో వారమైతే ఇంచుమించు అన్ని సెంటీమీటర్లు రావాలి. రాకపోతే బిడ్డ ఎదుగుదల పరీక్ష చేయించాలి. కానీ కడుపులో బిడ్డను కొలిస్తే ఆ కొలత దగ్గరే ఆగిపోతుందని మా పెద్దవాళ్ల భయం. టేపు కనబడగానే కోడళ్లను వెనక్కి తీసుకుపోయేవారు. బట్టలకు కొలిస్తే మాత్రం ఎవరికీ అభ్యంతరం లేదు. మవ్జూద కుట్టుమిషను కొనుక్కుంది.

మా కుర్తాలు భుజాల నుంచి గుడారంలా వేలాడతాయి. వాటికి కడుపు కొలతతో పనిలేదు. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆమె మనసు నొచ్చుకోకూడదని పెళ్లిళ్లకు కూడా అవే వేసుకెళ్లేవారు.

కిందటి వసంతంలో ఓయ్‌నిసా తన కోడలు మెహ్రంగేజ్‌ను తీసుకొచ్చింది. తొలి కాన్పు. మొదట్లో కొలత బాగానే ఉంది. మరుసటి నెల కొంచెమే పెరిగింది. ఆ పై నెల అసలు పెరగలేదు. పట్నం తీసుకెళ్లాలి. ఆ మాట పైకి అంటే, నీ టేపే బిడ్డను ఆపిందంటారు. ఇక ఏ కోడలూ తన గడప తొక్కదు. మవ్జూద మనసులో బిస్మిల్లా అనుకుని టేపు మళ్లీ పెట్టింది.

"ఏమే, చెయ్యి ఆగిందేం? గుడ్డ చాలలేదా?" అంది ఓయ్‌నిసా, టీ తాగుతూ.

"గుడ్డ మిగిలిందక్కా. పోయిన నెల కొలతే వస్తోంది. ఈపాటికి పెరగాలి."

ఓయ్‌నిసా టీ గిన్నె కింద పెట్టింది. కోడలి వంక కాసేపు చూసింది. తర్వాత తను వేసుకున్న కుర్తా చేతుల వంక చూసుకుంది.

"నా కూతురి పెళ్లిలో నువ్వు కుట్టింది వేసుకుని రోజంతా ఒక చెయ్యి దాచుకు కూర్చున్నాను. ఇది నీ వల్ల అయ్యే పని కాదులే. పట్నంలో నీకంటే మంచి దర్జీ లేదా?"

"ఉందక్కా. ఈవేళే వెళ్తే మంచిది."

"అయితే మావాణ్ణి బండి తియ్యమంటాను. నువ్వూ రా. కొలతలు చెప్పేదానివి నువ్వే కదా."

పట్నం డాక్టరమ్మ మెహ్రంగేజ్‌ను అక్కడే ఉంచేసింది. బిడ్డ నెలలు నిండకుండానే పుట్టింది. బాగా చిన్నది, గొంతు మాత్రం నాయనమ్మది. అల్లాకు కృతజ్ఞతలు.

మా దగ్గర పసిబిడ్డకు తొలి నలభై రోజులు వేసే చొక్కాకు అంచులు మడిచి కుట్టరు. ఆయుష్షు కురచవుతుందంటారు. ఓయ్‌నిసా ఆ చొక్కాను మవ్జూద చేతే కుట్టించింది. అంచులు ఎలాగూ వదిలెయ్యాలి కనుక తప్పు పట్టడానికేమీ లేదు. చేతులు మాత్రం, ఒకటి కొంచెం పొడుగు.