అత్త పియానో కాగితాలు ఎత్తుకుపోయినవాడు

దయ్యాల మాట ఎత్తితే అక్కడినుంచి లేచి వెళ్ళిపోయే రకం నేను. తిరువళ్ళూరులో ఒక బడిలో సైన్సు చెబుతాను. ఇంట్లో ఎవరికైనా దిష్టి తీస్తుంటే నాకు నవ్వు వస్తుంది. అయినా తిరుత్తణిలో ఆ సాయంత్రం నేను చూసినదానికి, విన్నదానికి నా దగ్గర జవాబు లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా మేనత్త పేరు కమల. పెళ్ళి చేసుకోలేదు. చిన్నప్పుడు చదివిన కాన్వెంటులో, బెల్జియం నుంచి వచ్చిన ఒక సిస్టర్ ఆమెకు పియానో నేర్పింది. ఆ సిస్టర్ తన దేశానికి తిరిగి వెళ్ళేటప్పుడు ఒక రేకు పెట్టె నిండా పియానో కాగితాలు, అంటే పాటల స్వరాలు రాసినవి, అత్తకు ఇచ్చింది. కొన్ని హాలండు వాళ్ళు కట్టిన పాటలు, కొన్ని బెల్జియంలో ఫ్లెమిష్ భాష మాట్లాడే ఊళ్ళ వాళ్ళవి. జోలపాటలు, పడవ పాటలు, చర్చి గంటల మోత మీద కట్టిన చిన్న ముక్కలు. ఆ కట్టినవాళ్ళ పేర్లు వాళ్ళ సొంత ఊళ్ళలోనే ఎవరికీ గుర్తులేవని అత్త అనేది.

ఆమె వాటిని దాచుకోలేదు. ఒక్కో పేజీ స్కాన్ చేసి, పాత సంగీతం పంచుకునే ఒక సైటులో పెట్టింది. అడుగున తన పేరు, ఊరి పేరు, ఎవరైనా తీసుకోవచ్చు అని ఒక మాట. ఒకసారి హాలండు నుంచి ఒక పెద్దాయన రాశాడు, ఇది మా తాత కట్టిన పాట, మా ఇంట్లో ఒక్క కాగితం కూడా మిగల్లేదు, మీ వల్ల మళ్ళీ విన్నాను అని. అత్త ఆ రోజంతా మాకు ఆ పాటే వినిపించింది.

అత్త కుడిచేతి ఉంగరపు వేలు లోపలికి మడుచుకుపోయి ఉండేది. కడంబత్తూరు స్టేషన్లో రైలు తలుపు పడి నలిగిపోయింది. ఆ వేలితో నొక్కాల్సిన స్వరాలు వదిలేసి వాయించేది. అందువల్ల ఆమె పాటలో అక్కడక్కడా చిన్న కుంటు ఉండేది. పక్కగదిలోంచి విన్నా అది అత్తేనని చెప్పగలను.

మురళి ఆమె దగ్గర నేర్చుకున్నవాడే. తిరుత్తణిలో సంగీతం క్లాసులు పెట్టి పేరు తెచ్చుకున్నాడు. అత్త జబ్బుతో మంచం పట్టినప్పుడు చూడడానికి వచ్చాడు. "టీచర్, ఈడుంటే చెదలు పడతాయి. నేను బద్రంగా పెడతా. మీకు బాగైనంక తెచ్చిస్తా" అని పెట్టె ఎత్తుకుపోయాడు.

తర్వాత సైటులో అత్త పెట్టినవన్నీ మాయమయ్యాయి. అవి తన కాగితాలని, ఎవరో దొంగిలించి పెట్టారని మురళి ఫిర్యాదు చేశాడట. అత్త పేరు కత్తిరించేసి, తానే యూరప్ అంతా వెతికి సంపాదించినట్టు చెప్పుకుంటూ, తన క్లాసులో చేరినవాళ్ళకు మాత్రమే చూపించసాగాడు. నేను ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఈలోపు హాలండు పెద్దాయన మెయిల్ వచ్చింది. మా తాత పాట ఎందుకు తీసేశారు అని అడిగాడు.

అది చదివి చెబితే అత్త ఏడవలేదు. కిటికీ వైపు తిరిగి పడుకుంది.

"పాపా, నేను అందరికీ సుమ్మా, ఊరికే ఇచ్చినాను గదా. వాడు అడిగింటే వానికీ ఇచ్చేదాన్నే" అంది. తర్వాత నేనెప్పుడూ వినని గొంతుతో, "వాని చేతులు వాని మాట ఇనకుండా పోవాల" అంది.

కోపంలో కూడా ఎవరినీ ఒక మాట అనని మనిషి. ఆ వారంలోనే పోయింది. మురళి చివరిచూపుకు కూడా రాలేదు.

కొన్నాళ్ళకు అతను తిరుత్తణిలో ఒక కల్యాణ మండపంలో కచేరీ పెట్టాడు. మరుగునపడ్డ సంగీతాన్ని వెలికితీసినవాడని వాకిట్లో పెద్ద బ్యానరు. కచేరీ అయ్యాక అందరి ముందూ లేచి నిలదీయాలనే నేను వెళ్ళాను. ఎండ ఇంకా కిటికీల్లోంచి పడుతోంది. ముందు వరసలో మురళి భార్య సుధ కూర్చుని ఉంది.

జోలపాటతో మొదలుపెట్టాడు. బాగానే సాగింది. ఉన్నట్టుండి ఒక స్వరం పడలేదు. కాసేపటికి ఇంకొకటి. అది అత్త కుంటు. లేచి నిలబడి చూశాను. మురళి కుడిచేతి ఉంగరపు వేలు అరచేతిలోకి మడుచుకుని ఉంది.

అంతలో ఆ చేతులు జోలపాట వదిలేసి వేరే పాటలోకి వెళ్ళాయి. ఆ పాట నాకు తెలుసు. సిస్టర్‌కు వాళ్ళమ్మ పాడిన పాట అది. ఏ కాగితం మీదా లేదు. సిస్టర్ పక్కన కూర్చుని చేతులు పట్టి అత్తకు నేర్పింది. అత్త దాన్ని శిష్యుల ముందు ఎన్నడూ వాయించలేదు. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నప్పుడు వాయించేది. ఫోన్‌లో రికార్డు చేస్తానన్నా ఒప్పుకోలేదు.

మురళి తన చేతుల వంక పరాయివాళ్ళ చేతులను చూసినట్టు చూస్తున్నాడు. పాట అయిపోయి మళ్ళీ మొదలైంది, ఇంకా వేగంగా. జనం అదేదో గొప్ప విద్య అనుకుని చప్పట్లు కొట్టారు. అప్పుడు అరిచాడు.

"టీచర్, ఇడిసిపెట్టండి! తెచ్చిస్తాను, ఇడిసిపెట్టండి!"

ఇద్దరు మగవాళ్ళు వెనకనుంచి పట్టి లాగారు. దూరంగా తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టినా, వేళ్ళు అతని తొడల మీద అదే పాట కొడుతూనే ఉన్నాయి. నేను నిలదీయాల్సిన పని లేకపోయింది. ఆ నిమిషంలో నాకు భయం కంటే సంతోషమే ఎక్కువ కలిగింది. బాగా అయింది అనుకున్నాను.

తర్వాత సుధ ఒక్కతే ఆటోలో పెట్టె తెచ్చి మా వరండాలో దించింది. ఆమె ఏ పాపమూ ఎరగదు. కళ్ళు వాచి ఉన్నాయి.

"అక్కా, ఆయన అన్నం కలుపుకోలేడు, చొక్కా గుండీ పెట్టుకోలేడు. చెన్నైలో అన్ని టెస్టులూ చేసినారు, నరాలు బాగుండాయి అంటారు. నిద్దర్లో కూడా వేళ్ళు ఆడతానే ఉండాయి. మీ అత్తకు నువ్వంటే పానం గదా. ఇంక చాలు అని ఒక్క మాట చెప్పక్కా."

చెబుతానన్నాను.

కాగితాలన్నీ మళ్ళీ స్కాన్ చేసి, అత్త పేరుతో సైటులో పెట్టాను. హాలండు పెద్దాయనకు రాస్తే మనవరాలు జవాబిచ్చింది. ఆయన పోయాడట. చివరి రోజుల్లో ఆ పాట వినాలని అడిగాడట, వాళ్ళు ఎంత వెతికినా దొరకలేదట.

వాయించేవాళ్ళ చేతులు అలా బిగుసుకుపోయే జబ్బు ఒకటి ఉందని డాక్టరు చెప్పాడు. తప్పుచేసిన మనసు కూడా ఒంటిని ఏమైనా చేయగలదు. వేలు మడుచుకోవడం వరకు ఒప్పుకుంటాను. ఎన్నడూ వినని పాట అతని వేళ్ళకు ఎలా వచ్చిందో, ఎంత ఆలోచించినా నాకు అంతు చిక్కలేదు.

సుధ ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. "చెప్పినావా అక్కా?" అని అడుగుతుంది. చెప్పాను అంటాను. దయ్యాలు లేవనే మనిషికి, ఖాళీ గదిలో ఒక మాట అనడానికి అడ్డం ఏముంది? అయినా నేను చెప్పలేదు.