పల్చటి సిల్కు ముక్క

కత్తెర పట్టుకుంటే నా కుడి బొటనవేలు మొద్దుబారిపోతోంది. ఆ సంగతి బయటికి పొక్కితే ఒక్కరూ జాకెట్ కుట్టడానికి ఇవ్వరని ఇంట్లో కూడా చెప్పలేదు. జాకెట్ చేతుల మీద కుట్టే గుడ్డ పువ్వులను కంప్యూటర్‌లో గీసినట్టే కత్తిరించే మిషన్లు ప్రొద్దుటూరులో ఉన్నాయని విని, జమ్మలమడుగులో బస్సెక్కాను. మ్యాచింగ్‌కు చీర ముక్క తీసుకుపోయినట్టే, రోజూ నేను కత్తిరించే పల్చటి సిల్కు ముక్కలు సంచిలో పెట్టుకున్నాను.

ఆ మిషన్లు అమ్మే షాపతను ముందుగా ఒక మిషన్‌లో కాగితం పెట్టాడు. సీతాకోకచిలుక లేచొచ్చింది.

"చూడక్కా, ఎంత నున్నగా తెగిందో!"

"కాగితం ఎవరు కట్టుకుంటారప్పా? దీన్ని కత్తిరించు," అని నా ముక్క ఇచ్చాను.

జిగురు షీటు మీద పరిచి బటన్ నొక్కాడు. బ్లేడు గుడ్డను కొయ్యకుండా ఈడ్చుకుపోయింది. వెనక క్యాన్వాస్, అదే గట్టి అస్తరు, అంటిస్తే తెగుతుందన్నాడు. తెగింది, కానీ పువ్వు అట్టముక్కలా బిగుసుకుపోయింది. పెద్ద మిషన్ మీద పెట్టమని బతిమాలాను. అంచులన్నీ పీచులు లేచాయి. బ్లేడు మార్చమన్నాను. మళ్లీ పెట్టమన్నాను. సంచిలోంచి ఇంకో ముక్క తీశాను.

అతను మిషన్ ఆపేశాడు.

"ఇంత పల్చని గుడ్డ యా మిషన్‌కూ లొంగదక్కా. చేత్తోనే కత్తిరించుకోవాల," అంటూ ముక్కను మడిచి ఇచ్చాడు.

అందుకోబోయాను. వేళ్ల మధ్య నుంచి జారి కింద పడింది.

"యా చేత్తో కత్తిరించాలప్పా?" అని షాపులో అందరి ముందూ అరిచాను.