అత్తయ్య ఇల్లు పుచ్చుకున్న రోజు

మా పిన్ని పోయి ఇంకా ఏడాది కాలేదు. ఆమెను తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆసుపత్రి కాదు, బందరు రిజిస్ట్రారాఫీసు. అక్కడ ఆమెకొచ్చినంత కోపం నేను మరెక్కడా చూడలేదు.

పిన్నికి పిల్లల్లేరు. బాబాయి పెళ్ళయిన కొత్తలోనే పోయారు. టీచరు ఉద్యోగం చేసుకుంటూ బందర్లో చిన్న ఇల్లు కట్టుకుంది. అదే బళ్ళో లెక్కలు చెప్పే ఒకావిడ వెనక గదిలో అద్దెకి దిగి, మెల్లగా వంటిల్లంతా తన చేతిలోకి తీసుకుని, అక్కడే ఉండిపోయింది. ఇద్దరికీ చుట్టరికం లేదు. అయినా ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవారు. ఆ వరసన ఆవిడ నాకు అత్తయ్య అయింది.

అత్తయ్యది దివిసీమలో పాలకాయతిప్ప దగ్గర ఊరు. పెళ్ళి చేసుకోలేదు. ఊళ్ళో అన్నదమ్ముల ఇళ్ళున్నాయి గాని ఆమెకంటూ ఒక గది లేదు. పిన్ని గుండె బలహీనంగా ఉందని డాక్టరు చెప్పాక, పిన్నికి పట్టుకున్న బెంగ అదొక్కటే. తను పోతే ఇల్లు గుడివాడలో ఉన్న మరిది కొడుక్కి వెళ్తుంది. అతను చెడ్డవాడు కాదు. ముదినేపల్లిలో చేపల చెరువులున్నవాడు, ఏ స్థలం చూసినా అక్కడ షాపులు కట్టచ్చనుకునేవాడు.

"విల్లు రాయచ్చుగా పిన్నీ?" అన్నాను.

"నేను పోయాక నా బుర్ర పనిచెయ్యలేదంటారు. బతికుండగానే ఇస్తాను. అననీ అప్పుడు."

దానపత్రం సంగతి నేను చదివి తెలుసుకున్నాను. చట్టం అడిగేది చాలా తక్కువ. ఇచ్చేవాళ్ళు సంతకం పెట్టాలి. ఇద్దరు సాక్షులు చూడాలి. కాగితం రిజిస్టరు కావాలి. పుచ్చుకునేవాళ్ళు, ఇచ్చేవాళ్ళు బతికుండగానే, ఒప్పుకోవాలి. ఈ చివరిదాన్ని నేను పట్టించుకోలేదు. ఇల్లిస్తానంటే ఎవరొప్పుకోరు?

మా అత్తయ్య ఎలాంటి మనిషో ఆ క్షణంలో గుర్తు రాలేదు. ఆమె కాఫీ వద్దంటుంది. చీర వద్దంటుంది. బస్సులో ఎవరైనా లేచి సీటిస్తే "పర్లేదమ్మా, నువ్వు కూర్చో" అంటుంది. మావైపు ఇది మర్యాద. మొదటిసారి అడిగితేనే సరేనంటే ఆశపోతనుకుంటారు. అడిగేవాళ్ళు బతిమాలాలి, వీళ్ళు మొహమాటపడాలి, ఆఖరికి తప్పదన్నట్టు తీసుకోవాలి.

రిజిస్ట్రారాఫీసు బయట దస్తావేజు రాసే ఆయన పత్రం పైకి చదివాడు. "...సదరు ఆస్తిని మీరు పుత్రపౌత్ర పారంపర్యంగా అనుభవించవలసినది..."

అత్తయ్య ఆపింది. "నాకు పెళ్ళే కాలేదండీ. పుత్రపౌత్రుల్ని ఎక్కణ్ణుంచి తేను?"

"అది ఫార్మాటండీ. తీసేస్తే బోసిగా ఉంటుంది."

ఆ వాక్యం తీసేస్తేనే బాగుంటుందని నాకూ అనిపించింది. కాని ఆలస్యమవుతోంది. ఊరుకున్నాను.

లోపల సబ్ రిజిస్ట్రారు ఒక చిన్న వయసావిడ. పిన్నిని అడిగింది, పిన్ని ఇష్టంగానే ఇస్తున్నానంది. తర్వాత అత్తయ్య వైపు తిరిగింది.

"మీరు ఒప్పుకుంటున్నారా అమ్మా?"

"నాకెందుకమ్మా ఇల్లు! ఇంకెన్నాళ్ళుంటాను? వాళ్ళ మరిది పిల్లాడికి రాయమను."

సబ్ రిజిస్ట్రారు పెన్ను కింద పెట్టింది. "ఆవిడ వద్దంటున్నారు కదండీ?"

"ఆవిడ ఉద్దేశం వద్దని కాదు మేడం," అన్నాడు దస్తావేజు ఆయన.

"వద్దంటే వద్దని కాకపోతే మరేమిటండీ?"

పిన్ని పళ్ళు బిగబట్టి, "ఇంకోసారి అడగండమ్మా. అప్పుడు సరేనంటుంది," అంది.

"నేనూ ఈ జిల్లా పిల్లనేనండీ. మా అత్తగారింట్లో నేనూ ఇలాగే వద్దంటాను. కానీ ఇక్కడ నేను బతిమాలకూడదు. రేపు ఎవరైనా బలవంతంగా ఒప్పించారంటే నా ఉద్యోగం పోతుంది. మీరు ఇంటికెళ్ళి మాట్లాడుకుని రండి."

బయటికొచ్చి ఆటో ఎక్కాం. పిన్ని మొహం ఎర్రగా ఉంది. నాకు భయం వేసింది. ఆ గుండె ఇప్పుడు ఆగితే అత్తయ్య అన్న ఆ "నాకెందుకు" అనే మాటే మిగిలిపోతుంది. ఆ తర్వాత ఆమె ఎంత ఒప్పుకున్నా లాభం లేదు. ఆ సంగతి అత్తయ్యకి చెప్పబోయాను. పిన్ని నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది.

కాసేపటికి చాలా మామూలుగా మొదలెట్టింది.

"నువ్వు చెప్పిందే నయం వదినా. మావాడికే రాసేస్తాను. వాడు రోడ్డు వైపు షాపులు కడతాట్ట."

"కట్టుకోనీ," అంది అత్తయ్య.

"వెనక కూడా కలుపుకుంటాట్ట. వంటింటి గోడ తీసేసి షట్టరు పెడతానన్నాడు."

ఆటో కోనేరు సెంటరు దాకా వచ్చింది. అప్పుడంది అత్తయ్య, "నా వంటింటికి షట్టరేమిటి?"

"నీ వంటిల్లెక్కడిది? నాది. రేపట్నించి వాడిది."

"ఆ పొయ్యిగట్టు ఎత్తు సరిపోలేదని నుంచుని కట్టించుకున్నాను నేను. వాడెవడు తియ్యడానికి? బాబూ, ఆటో వెనక్కి తిప్పు."

"ఏదన్నా మర్చిపోయారా మామ్మగారూ?" అన్నాడు ఆటో అతను.

"ఏమీ మర్చిపోలేదు. ఇల్లు పుచ్చుకోవాలి. తిప్పు."

సబ్ రిజిస్ట్రారు మమ్మల్ని చూసి మళ్ళీ అదే ప్రశ్న అడిగింది. "పుచ్చుకుంటున్నాను," అంది అత్తయ్య, వెనక బెంచీ దాకా వినపడేలా. వరండాలో జనం లోపలికి తొంగిచూశారు. నేనూ, దస్తావేజు ఆయనా సాక్షి సంతకాలు పెట్టాం. వేలిముద్ర మాత్రం ఆమెది మెషీనులో పడలేదు. తుడిచి మళ్ళీ పెట్టింది. పడలేదు.

"చూశావా వదినా, దేవుడికే ఇష్టం లేదు."

"మళ్ళీ మొదలెట్టావంటే ఇక్కడే పోతాను," అంది పిన్ని. ఈసారి వేలిముద్ర పడింది.

పిన్ని ఆ వానాకాలం వెళ్ళాక పోయింది. ఉదయం కాఫీ తాగుతూ, పేపరు చేతిలో ఉండగానే. ఇంతకంటే ఆ సంగతి రాయలేను.

పెదకర్మ రోజున గుడివాడ నుంచి మరిది కొడుకు వచ్చాడు. రిజిస్ట్రేషనయిన మర్నాడే పిన్ని అతనికి ఫోను చేసి చెప్పేసింది. అప్పట్నుంచి అతను ఈ ఇంటికి రాలేదు. కోర్టుకెళ్తానని ఎవరితోనో అన్నాడని విన్నాను. గెలవడని నాకు తెలుసు. కాని ఆ వయసులో అత్తయ్య వాయిదాలకి తిరగాల్సొస్తుందేమోనని నా బెంగ.

భోజనాలయ్యాక బంధువులంతా టెంటు కింద కూర్చున్నారు. అతను గొంతు సవరించుకుని, "ఇంటి విషయం..." అన్నాడు.

అత్తయ్య మాట పూర్తి కానివ్వలేదు. "ఇల్లు మీదే నాయనా! మీ పెద్దమ్మ కట్టుకుంది. నాకెందుకు? నువ్వే తీసుకో."

 అందరూ అతని వైపు చూశారు. అతను కుర్చీలోంచి సగం లేచాడు.

"అయ్యయ్యో, అవేం మాటలు అత్తయ్యగారూ! మాకెందుకండీ! పెద్దమ్మ మీకిచ్చింది, మీరే ఉండండి."

"కాదు నాయనా..."

"వద్దంటే వద్దండీ. ఇంక ఆ మాట ఎత్తకండి."

పెద్దవాళ్ళు తలలూపారు. ఒకాయన అతని భుజం తట్టి మంచిమాట అన్నావన్నాడు. అతను ఆ మంచితనం మోసుకుంటూ కారెక్కాడు.

అందరూ వెళ్ళాక నేను ఆగలేకపోయాను. "అత్తయ్యా, అలా అనేశారేంటి? ఆయన సరేనంటే?"

"అంటే ఏమైంది? నోటితో అంటే ఇల్లు వెళ్ళిపోతుందా? కాగితం మీద రాయాలి, సాక్షులుండాలి, రిజిస్టరు కావాలి. ఆ రోజు అంతసేపు నించోబెట్టారుగా, నేర్చుకున్నాను."

"మరెందుకన్నారు?"

"పదిమంది ముందూ వాడి చేత వద్దనిపిద్దామని."

టెంటువాళ్ళు కుర్చీలు ఎత్తుకెళ్ళారు. అత్తయ్య వాళ్ళ వెనకే నడిచి గేటు వేసి, గడియ సరిగా పడిందో లేదో ఒకసారి లాగి చూసుకుంది.